నర్సరీ వెనక వరస

నర్సరీకి వెళ్తే మీరు ముందు వరసలోనే ఆగిపోతారు కదూ? నాకు తెలుసు. గులాబీలు గుత్తులు గుత్తులుగా పూసేసి రోడ్డు వైపు మొహం పెట్టుకుని ఉంటాయి. "ఇదెంత, అదెంత" అంటారు. అతను చెప్పిన దాంట్లో పది రూపాయలు తగ్గించి, బేరం గెలిచామని కారెక్కుతారు. వారానికల్లా పువ్వులు రాలతాయి, ఆ వెనకే ఆకులూ రాలతాయి. అప్పుడు "కడియం మొక్కలు మన నీళ్ళకి పడవండీ" అని తీర్పు చెప్పేస్తారు. వాళ్ళు పోసిందీ గోదావరి నీళ్ళే, రాజమండ్రిలో మనం పోసేదీ గోదావరి నీళ్ళే. పడకపోవడమేవిటండీ, చోద్యం కాకపోతే!

ముందు వరస దారినపోయే వాళ్ళ కోసం. మనం వెనక్కి వెళ్ళాలి.

వేమగిరి దాటి రావులపాలెం వైపు వెళ్తుంటే కడియపులంక దగ్గర రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. లోపలికి తిరిగితే బుర్రిలంక, వీరవరం, దుళ్ళ... ఎటు చూసినా అదే పచ్చదనం. అన్ని మొక్కలూ పూసిన రోజునే అమ్ముడైపోతాయా చెప్పండి? పూత అయిపోయినవి, లారీకెక్కించేటప్పుడు కొమ్మ విరిగినవి, సంచీ చిరిగినవి, ఎప్పట్నుంచో కదల్చక వేరు నేలలోకి దిగిపోయినవి, ఇవన్నీ బోరు పంపు వెనకో, ఎరువు కుప్ప పక్కనో ఓ మూలకి చేరతాయి. చాలావాటికి జబ్బేమీ ఉండదు. ఇవాళ పూయలేదు, అదీ వాటి నేరం.

అక్కడ సంచుల్లో మట్టి నింపుతూ ఓ పెద్దావిడ కూర్చుని ఉంటుంది. యజమానితో కాదు, ఆవిడతో మాట్లాడాలి.

"ఇదెంతమ్మా?"

"అది మీకెందుకండీ, ఎండిపోయింది. అటు రండి, మంచియి సూపిత్తాను."

"ఎండిపోయిందాన్ని ఎందుకు దాచావు మరి?"

"వానలు పడితే సిగురేత్తదేమోనని..."

చూశారా! ఆవిడ నోటితో ఆవిడే చెప్పేసింది. చిగురేసే మొక్క అని ఆవిడకి తెలుసు, మనకీ తెలిసింది, ఇంక ఆ ఇరవయ్యో ముప్ఫయ్యో చేతిలో పెట్టి ఎత్తుకొచ్చేయడమే. మా ఆయన మాత్రం దూరంగా కారు దగ్గర నిలబడి, ఈవిడెవరో తెలియనట్టు ఫోన్ చూసుకుంటూ ఉంటారు. పచ్చటి మొక్కలు పెట్టుకుని పక్క కార్లన్నీ వెళ్తుంటే, మన డిక్కీలో పుల్లలు! ఆయన బాధ ఆయనది.

అయితే పుల్లలన్నీ ఒకటి కాదండోయ్. చచ్చిందాన్ని కొని నా పేరు చెప్పుకుని తిట్టుకోకండి. ముందు బొటనవేలి గోరు పెట్టి కాండం మీద చిన్నగా గీకండి. తొక్క కింద ఆకుపచ్చ కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కింద గీకండి. ఇంకా కింద. మొదలు దాకా పచ్చ లేకపోతే నమస్కారం పెట్టి లేవండి. తరవాత సంచీ అడుగు చూడండి. వేళ్ళు తెల్లగానో లేత గోధుమరంగులోనో గట్టిగా ఉంటే మంచిది. నల్లబడి, పట్టుకుంటే జారిపోతూ, మురుగు వాసన కొడితే వద్దు. ముక్కు మూసుకోకండి, వాసన చూడాలి. మర్యాదస్తులకి ఈ వ్యాపకం పనికిరాదు.

ఆకులు లేవని భయం వద్దు. కాగితంపూల మొక్క ఆకులన్నీ రాల్చేసి ముళ్ళతో నిలబడ్డా, రెండు మంచి తడులకి లేచి కూర్చుంటుంది. ఉన్న ఆకుల్ని మాత్రం తిప్పి చూడాలి. తెల్లగా దూదిపింజలు అంటుకుని ఉంటే పిండినల్లి. దాంతో పోట్లాడి గెలవచ్చు. సన్నటి బూజు, ఆకు మీద సూది పొడిచినట్టు మచ్చలు ఉంటే నల్లి. దాంతోనూ పోట్లాడచ్చు. కానీ ఆకులు ముడుచుకుపోయి, పసుపూ ఆకుపచ్చా కలగాపులగంగా ఉంటే అది వైరస్సు. బొప్పాయిలో, మిరపలో, బెండలో తరచూ చూస్తాం. దానికి మందు లేదు. ఊరికే ఇస్తానన్నా పట్టుకురాకండి. వేళ్ళ నిండా బుడిపెలున్నా అంతే. అవి నులిపురుగులు. మీ కుండీ మట్టిలో కాపురం పెట్టేస్తాయి.

గులాబీ సంగతి వేరే చెప్పాలి. వెనక వరసలో ఎక్కువగా దొరికేది అదే, మనవాళ్ళు ఎక్కువగా మోసపోయేదీ దాంతోనే. కొమ్మ చివర నుంచి నల్లగా ఎండుకుంటూ దిగుతుంటే కంగారు లేదు. నలుపు ఆగిన చోటుకి కిందగా, పచ్చటి కొమ్మలో ఏటవాలుగా కత్తిరించేస్తే ఆగిపోతుంది. కానీ అంటు ఎక్కడ కట్టారో చూడాలి. ఆ ముడి పైన చిగురు వేస్తే మీ గులాబీ. ముడి కింద నుంచి గుబురుగా, ధీమాగా లేస్తోందంటే అది అడుగున పెట్టిన అడవి గులాబీ. మనం మురిసిపోయి నీళ్ళు పోస్తుంటాం, అది పైదాన్ని ఎండగట్టేస్తుంది. "మా గులాబీ ఏపుగా పెరిగిందండీ, పువ్వే లేదు" అంటారే, ఇదే ఆ కథ. కింద నుంచి వచ్చినదాన్ని మొదలంటా పీకెయ్యండి. మామిడి అంటు కొంటే కట్టిన ప్లాస్టిక్ టేపు చూసుకోండి. అంటు అతికాక దాన్ని విప్పకపోతే కాండం లావెక్కేకొద్దీ కోసుకుపోతుంది. ఆ కోతతో మొహం వేలాడేసి నిలబడిన అంటు మొక్కలు వెనక వరసలో దొరుకుతుంటాయి. టేపు ఇంకా లోపలికి పాతుకుపోకముందే విప్పితే కోలుకుంటాయి. పని బ్లేడుతో అయిపోతుంది.

ఇంక కాలం సంగతి. చవక మొక్కలకి పంచాంగం ఉందండీ, నవ్వకండి.

సంక్రాంతి వెళ్ళాక చామంతులు. పండక్కి గుమ్మాల్లో పెట్టుకుని, పువ్వు వాడగానే కుండీతో సహా బయట పారేస్తారు. అయ్యో రామ! పూసిన కొమ్మ పని అయిపోయింది గానీ, మొదట్లో చూడండి, చుట్టూ పిలకలు. పైకొమ్మలు కత్తిరించేసి, వేసవంతా నీడపట్టున పెట్టి ప్రాణం నిలిపితే చాలు. వానలు పడ్డాక ఆ పిలకలు విడదీసి నాటుకోండి. మళ్ళీ సంక్రాంతికి మీ గుమ్మంలో మీ చామంతులే.

క్రిస్మస్ అవగానే ఆ ఎర్రటి పాయిన్‌సెట్టియాలు సగం ధరకి దిగుతాయి. ఎర్రగా ఉన్నవి పువ్వులు కావు, ఆకులే. అసలు పువ్వులు మధ్యలో పసుపు చుక్కలు. ఫిబ్రవరిలోనో మార్చిలోనో సగానికి నరికేస్తే గుబురుగా వస్తుంది. అయితే మళ్ళీ ఎరుపెక్కాలంటే అక్టోబరు నుంచీ దానికి దీర్ఘమైన చీకటి రాత్రులు కావాలి. వీధిదీపం కింద పెట్టి, మున్సిపాలిటీ వాళ్ళు కొత్తగా బిగించిన ఎల్‌ఈడీ వెలుగులో నిలబెట్టి, "పచ్చగానే ఉండిపోయిందేమిటో" అంటే ఏం చెప్పను?

వినాయక చవితి మర్నాడు ఏం చేస్తారు? పత్రి అంతా మూటకట్టి నిమజ్జనానికి పంపేస్తారు. పంపండి, కాదనను. కానీ అందులో మరువం రెమ్మ ఒక్కటి తీసి గ్లాసు నీళ్ళలో పెట్టి చూడండి. ఆదరిస్తే వేళ్ళు వేసేస్తుంది. వావిలి ముదురు కొమ్మ, గన్నేరు కొమ్మ కూడా అంతే. ఇరవయ్యొక్క పత్రుల్లో ఒకటో రెండో మీ పెరట్లో ఉండిపోతే వినాయకుడు కోప్పడడు.

హైదరాబాదులో ఉన్నవాళ్ళకి నెక్లెస్ రోడ్డు, పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా పెడతారు కదా. మొదటిరోజు వెళ్ళి చూసి రండి. కొనకండి. చివరి రోజు సాయంత్రం వెళ్ళండి. వేరే రాష్ట్రాల నుంచి లారీలో తెచ్చిన వాళ్ళకి మిగిలినదాన్ని మళ్ళీ లారీకెక్కించడం కన్నా మనకి ఇచ్చేయడమే తేలిక. ఆ గంటలో వాళ్ళ మొహంలో అలసట కనిపిస్తుంది, ధరలో కూడా. మరీ పిండకండి, వాళ్ళూ బతకాలి.

ఏప్రిల్, మే నెలల్లో అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్‌తో స్నేహం పెంచుకోండి. ఎవరికి బదిలీ అయిందో ముందు తెలిసేది అతనికే. సామాన్లు ప్యాక్ చేసే వాళ్ళు మొక్కల్ని మోయరు. ఆ ఇంటావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని "ఎవరికిద్దామా" అని చూస్తుంటుంది. మీరు ఎదురుగా నిలబడి ఉండాలి, అంతే.

రైతుబజారుని మరిచిపోతానా! 1999 నుంచీ అక్కడ కూరలే కొంటున్నారు మీరంతా. నేను మొక్కలు కూడా కొంటున్నాను, కూరల ధరకి. పుదీనా కట్ట తెచ్చి ఆకు పచ్చడికి, కాడ కుండీకి. తీగ బచ్చలి ముదురు కాడలు గుచ్చితే పందిరెక్కుతాయి. పొన్నగంటి అయితే గుచ్చక్కర్లేదు, తడినేల మీద పడేస్తే చాలు. అల్లంలో కన్ను ఉబ్బిన ముక్క కనిపిస్తే వంటింట్లోకి కాదు, పెరట్లోకి. పసుపు మాత్రం పచ్చి దుంప దొరికినప్పుడే నాటాలి. కొట్లో అమ్మే ఎండు పసుపు కొమ్ములు పాతి రోజూ నీళ్ళు పోసే అమాయకులున్నారు. తవ్వాక ఉడకబెట్టి ఆరబెట్టిన కొమ్మండీ అది! ఎన్నాళ్ళు పోస్తే మాత్రం లేస్తుంది?

మనీప్లాంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. కొన్నది కలిసిరాదు, దొంగిలించినదే కలిసివస్తుంది అని మన నమ్మకం. ఎంత చక్కటి నమ్మకమో! గోడ మీదుగా మా ఇంట్లోంచి తొంగిచూసే తీగ రోజురోజుకీ పొట్టిదవుతోంటే నేనేమీ అనుకోవట్లేదు. తుంచేటప్పుడు కణుపు కిందగా తుంచండి, అంతే చెప్పేది. కణుపు లేని ఆకు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంటే ఆకుగానే ఉండిపోతుంది.

సరే, తెచ్చాం. ఇప్పుడేం చేస్తారు? ఆ రోజే కొత్త కుండీలోకి మార్చి, ఎరువు వేసి, ఎండలో పెట్టి, బకెట్టు నీళ్ళు కుమ్మరిస్తారు. ప్రేమతోనే చంపేస్తారు మీరు!

మా డాబా మెట్ల కింద ఓ మూల ఉంది. పొద్దున్న కాసేపు ఎండ పడుతుంది, ఆ తరవాత వెలుగే. దాన్ని మా ఇంట్లో ధర్మాసుపత్రి అంటారు. కొత్తగా వచ్చినదేదైనా వారం పదిరోజులు అక్కడే ఉండాలి, తక్కిన మొక్కలకి దూరంగా. ముందు సంచీతో సహా బకెట్టు నీళ్ళలో ముంచుతాను. నర్సరీ సంచుల్లో మట్టి బిగుసుకుపోయి ఉంటుంది. పైన పోసిన నీళ్ళు పక్కల నుంచి కారిపోతాయి గానీ వేరు దాకా దిగవు. ముంచితే బుడబుడమని బుడగలొస్తాయి. ఆ చప్పుడు ఆగేదాకా ఉంచి తీసెయ్యాలి. ఆ బుడగలు వినడం ఎంత బావుంటుందో! దానికోసమైనా మొక్క కొనచ్చు.

తరవాత కత్తెర. ఎండినవి, విరిగినవి తీసెయ్యాలి. మొగ్గలుంటే అవి కూడా. అయ్యో అనకండి. వేరు సగం తెగిన మొక్క పువ్వుని పోషించలేదు. మొగ్గ తీసేస్తే ఆ బలం వేరుకి పోతుంది. మా పిన్నిగారు మాత్రం "పూసేదాన్ని తుంచే చేతులెలా వచ్చాయే నీకు" అని నన్ను శాపనార్థాలు పెట్టి, ఆ మొగ్గలు కొంగులో వేసుకుని పూజకి పట్టుకెళ్తారు. ఇద్దరికీ లాభమే.

ఎరువు వెయ్యకూడదు. జ్వరంతో వచ్చినవాడికి పులిహోర పెడతామా? కొత్త చిగురు కనిపించాకే తిండి. కుండీ మార్చేదీ అప్పుడే, అదీ సాయంత్రం పూట. వేళ్ళు సంచీ ఆకారంలో గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే అడుగున కొంచెం విప్పాలి. మరీ మొండికేస్తే అక్కడక్కడా కత్తితో కోసినా పరవాలేదు. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. ఆ పాళ్ళ కోసం ఊరంతా పోట్లాడుకుంటారు గానీ, పిడికిలి పట్టి వదిలితే విడిపోయే మట్టి అయితే చాలు.

పిండినల్లి ఉన్నదానికి ముందు నీళ్ళధారతో కొట్టండి. మిగిలినవాటిని స్పిరిట్లో ముంచిన దూదితో తుడవండి. తరవాత లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళతో చిలికి, ఎండ తగ్గాక ఆకుల అడుగున కొట్టండి. వారానికోసారి, కనిపించకుండా పోయేదాకా. పురుగు ఒక్కదానితో కాదు, చీమలతో కూడా మన పేచీ. పిండినల్లి కార్చే తీపి కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, కొత్త కొమ్మకి చేరవేస్తాయి కూడా. కుండీ కింద చీమల బారు కనిపిస్తే పైన ఏదో జరుగుతున్నట్టే.

ఎడారి గులాబీ, అదే అడీనియం, మొదలు మెత్తబడిపోయి చవగ్గా దొరుకుతుంది. నీళ్ళు ఎక్కువై కుళ్ళింది. కుళ్ళిన భాగం కత్తితో చెక్కెయ్యాలి, లోపల తెల్లటి గట్టి కండ వచ్చేదాకా. తరవాత నీడలో వేలాడదీసి వారంపాటు ఆరబెట్టాలి. మొక్కని ఎండబెట్టడమేవిటే అని అడగనివాళ్ళు లేరు. ఆరాక ఇసుక ఎక్కువున్న మట్టిలో పెట్టి, కొన్నాళ్ళు నీటి మాటే ఎత్తకపోతే మళ్ళీ వేళ్ళేస్తుంది. దీనికి వైద్యం అంటే మనం చేతులు కట్టుకుని కూర్చోవడమే. మనకది అన్నిటికన్నా కష్టం.

ఇప్పటిదాకా నేలమీది కబుర్లు. నాకసలు ఇష్టమైనవి నీళ్ళలో ఉన్నాయి.

కొలను అనగానే మీరు ఎకరాలూ, పాలరాతి మెట్లూ ఊహించుకుంటున్నారు. అక్కర్లేదు. పాత కుడితి గోలెం చాలు. పల్లెల్లో పశువులు తగ్గాయి, గోలేలు పెరటిమూల బోర్లించి ఉన్నాయి. అడిగితే ఇస్తారు. లేదంటే చిల్లు లేని పెద్ద ప్లాస్టిక్ టబ్బు. డాబా మీద పెట్టేవాళ్ళు ఒక లెక్క చూసుకోండి: రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్నదాంట్లో 130 లీటర్ల దాకా పడతాయి, అంటే నీటి బరువే 130 కిలోలు. అందుకని స్లాబు మధ్యలో కాదు, గోడ పక్కనో, కింద దూలం ఉన్న చోటో పెట్టండి. ఆరు గంటల ఎండ తగలాలి. నీడలో ఆకులొస్తాయి, పువ్వులు రావు.

మట్టి చెరువుమట్టో, ఒండ్రుమట్టో, బంకమన్నో కావాలి. కొబ్బరిపొట్టూ వర్మీకంపోస్టూ ఇక్కడికి తేకండి. పొట్టు తేలుతుంది, కంపోస్టు నీళ్ళని పచ్చటి రసం చేసేస్తుంది.

తామర చవగ్గా కావాలా? పూజాసామాన్ల కొట్టుకి వెళ్ళండి. తామరగింజలు అమ్ముతారు, నల్లగా, గోలీకాయలంత గట్టిగా. మాలగా గుచ్చినవి వద్దు, చిల్లు పొడిచేటప్పుడే లోపలి మొలక పోయింది. విడి గింజలు తీసుకోండి. మఖానా తెచ్చి నానబెడతారేమో, అదసలు తామర కాదు, వేరే ముళ్ళ నీటిమొక్క గింజ, పైగా వేయించేశారు. గింజకి ఒకవైపు మొన, రెండోవైపు చిన్న గుంట ఉంటాయి. గుంట ఉన్న వైపు గరుకు కాగితం మీద, అది లేకపోతే అరుగు మీద, తెల్లటి పొర తొంగిచూసేదాకా రుద్దండి. గోరువెచ్చటి నీళ్ళలో వెయ్యండి. రోజూ నీళ్ళు మార్చండి. తేలినవి పారెయ్యండి. మునిగినవి ఉబ్బుతాయి, పగులుతాయి, వారంలోపే పచ్చటి కొక్కెం బయటికొస్తుంది. పిల్లలున్న ఇంట్లో గ్లాసు కిటికీలో పెడితే టీవీ కట్టేస్తారు.

ఆ నల్లటి పెంకు ఉందే, అది మహా గట్టిది. ఈశాన్య చైనాలో ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన తామరగింజని జేన్ షెన్-మిల్లర్ అనే శాస్త్రవేత్త, ఆవిడ సహచరులు మొలకెత్తించి 1995లో ఆ సంగతి ప్రకటించారు. గింజ వయసు సుమారు 1300 ఏళ్ళు! మన కొట్టువాడు "పాత సరుకండీ, వద్దులెండి" అంటే ఎందుకు నవ్వొస్తుందో ఇప్పుడర్థమైందా?

గింజ నుంచి వచ్చినదానికి ఓపిక పట్టాలి. పువ్వుకి ఏడాదో, అంతకన్నా ఎక్కువో పట్టచ్చు, రంగు కూడా తల్లిదే రావాలని లేదు. తొందరపడేవాళ్ళు దుంప కొనుక్కోండి. చవగ్గా అమ్మేవాళ్ళ దగ్గర దుంపలు వడిలిపోయి, బురద పట్టి ఉంటాయి, పరవాలేదు. చివరి మొన మాత్రం విరగకుండా ఉండాలి. ఆ మొన పోతే ఆ కణుపులో ఇంక లేవదు. అడ్డంగా పడుకోబెట్టి, మొన మట్టిపైకి తేల్చి, దుంప మీద చిన్న రాయి పెట్టండి. నీళ్ళు మొదట నాలుగువేళ్ళ లోతే. ఆకులు లేచేకొద్దీ పెంచుకుంటూ పోవాలి.

పూజకి కొన్న తామరమొగ్గ కాడని బురదలో గుచ్చి ఎదురుచూసేవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? చేతులెత్తకండి, నేను చూడట్లేదు. కాడకి వేరు రాదు. దుంప కావాలి, లేదా గింజ.

కలువ తామరకన్నా మంచి మనిషి. ఆకులన్నీ కరిగిపోయి, చేతిలో పెట్టుకుంటే కుళ్ళిన ముక్కలా కనిపించే దుంపలో కూడా మధ్య మొవ్వు గట్టిగా ఉంటే చాలు. కుళ్ళింది కోసేసి, మొవ్వు మట్టిపైన ఉండేలా నాటండి. మొదట వచ్చే ఆకులు రూపాయి బిళ్ళంత ఉంటాయి. నిరాశపడకండి. పాత ఆకు పసుపెక్కితే మందుల కొట్టుకి పరుగెత్తకండి. కలువ ఆకు పుడుతుంది, విచ్చుకుంటుంది, పసుపెక్కుతుంది, అదే దాని పని. కాడ మొదలంటా తీసెయ్యండి. ఆకలేస్తే ఆకులు చిన్నవవుతాయి. అప్పుడు ఎముకలపొడి కాగితంలో పొట్లం కట్టి వేలితో మట్టిలోపలికి తొయ్యండి. నీళ్ళమీద చల్లితే తినేది నాచే.

నీళ్ళు మొదట్లో పచ్చబడతాయి. అందరూ అప్పుడే పారబోస్తారు. పారబొయ్యకండి! ఆకులు నీటిని కప్పేకొద్దీ నాచుకి వెలుగు తగ్గి, నీరు తనంతట తానే తేటపడుతుంది.

దోమలంటారా? వస్తాయి. గప్పీ చేపలు నాలుగు వెయ్యండి. కుళాయి నీళ్ళయితే ఒకరోజు నిలవ ఉంచాక వెయ్యండి. దోమపిల్లల్ని అవి తింటాయి, వాటికి తిండి పెట్టే శ్రమ కూడా మీకుండదు. మున్సిపాలిటీ వాళ్ళు చెరువుల్లో వదిలే గంబూసియా గోలేనికి వద్దు. అది మహా దుడుకు చేప, తక్కిన చేపల పిల్లల్ని బతకనివ్వదు.

చవక నీటిమొక్కతో నత్తలు ఉచితం. అవి అడక్కుండానే వస్తాయి. ఆకుల అడుగున జిగురు ముద్దలు కనిపిస్తే తుడిచెయ్యండి, అవి గుడ్లు. తేగానే మొక్కని ఒకరోజు వేరే బకెట్లో పటికనీళ్ళలో ఉంచి కడిగి పెట్టుకుంటే చాలావరకు వదులుతాయి. మిగిలినవి ఉంటే ఉండనివ్వండి, కుళ్ళిన ఆకు తింటాయి.

పూర్తిగా ఉచితంగా దొరికేది గుర్రపుడెక్క. కాలవ నిండా ఉంది, పువ్వు చూస్తే లేతవంగ రంగులో మధ్య నెమలికన్ను, ఎవరైనా మనసు పడతారు. దక్షిణ అమెరికా నుంచి పంతొమ్మిదో శతాబ్దం చివర బెంగాలుకి అందం కోసమే తెచ్చారు దాన్ని. కొల్లేటిలో ఇప్పుడెలా ఉందో చూశారు కదా. నేను కాదనను, గోలెంలో ఒక్కటి పెట్టుకోండి. కానీ పెరిగిందని తీసి కాలవలో మాత్రం వెయ్యకండి. ఎండబెట్టి ఎరువు కుప్పలో వెయ్యండి. అంతరతామరదీ ఇదే జాతకం. రెండింటినీ ఒకే గోలెంలో పెట్టి కలువని వెతుక్కునేవాళ్ళని చూశాను.

నీటి అంచున పెట్టడానికి మెట్టతామర ఉంది. ఏ స్కూలు ఆవరణలోనైనా ఎర్రగా పూసి ఉంటుంది, దుంప ముక్క అడిగితే కాదనరు. మెట్ట పేరు చూసి మోసపోకండి, అడుగు మునిగే నీళ్ళలో కూడా హాయిగా ఉంటుంది. గొడుగులా ఆకులు విచ్చే తుంగ ఒకటి ఉంది, ఆఫీసుల్లో కుండీల్లో చూసే ఉంటారు. దాని గొడుగు ఒకటి కాస్త కాడతో కోసి, ఆకులు సగానికి కత్తిరించి, తలకిందులుగా నీళ్ళలో వెయ్యండి. మధ్యలోంచి పిల్లలు పుడతాయి. నిటారుగా పెడితే పుట్టవా అంటే, పుడతాయి గానీ తలకిందులుగా పెడితే చూసేవాళ్ళు ఆగి అడుగుతారు. ఆ ముచ్చట వదులుకుంటామా?

అన్నిటికన్నా విడ్డూరం ఇంకోటుంది. కొన్ని కలువల ఆకు మీదే పిల్ల పుడుతుంది. ఆకూ కాడా కలిసే చోట చిన్న బొడిపె లేస్తుంది, దానికి బుల్లి ఆకులొస్తాయి, బుల్లి వేళ్ళొస్తాయి, ఒక్కోసారి తల్లిని విడవకముందే బుల్లి పువ్వు కూడా! డాబెన్ అనే లేతనీలం రకం ఇందులో దిట్ట. అలాంటిది ఒక్క మొక్క, ఎంత చిక్కిపోయినదైనా సరే, కొనుక్కున్నారంటే మళ్ళీ కలువ కొనే పని ఉండదు. కొనే పని ఉండదు గానీ, పంచే పని తగులుకుంటుంది. మా ఇంట్లో బకెట్లయిపోయాయి. పాత కుక్కర్లో ఒకటుంది. మనవడి బొమ్మల డబ్బాలో రెండున్నాయి, వాడింకా చూడలేదు.

అందుకే చెప్తున్నాను, రేపు గోడమీద మూడు పిల్ల కలువలు తడిగుడ్డలో చుట్టి పెడతాను. పదింటికి ఎండెక్కేలోపు తీసుకోండి. డబ్బులేమీ వద్దు. కానీ ఖాళీ చేతుల్తో కూడా రాకండి. మీ బావి పక్కన ముద్దనందివర్ధనం ఉంది చూశారూ, దాని అడుగుకొమ్మ ఒకటి ఎలాగూ దారికి అడ్డంగానే ఉంది. నాకు చాలా రోజులుగా దాని మీద కన్ను. కత్తెర నేనే తెచ్చుకుంటాను.